నెలకో పొట్టేలు

ముంబైలో ఎం.ఏ. సీటు వచ్చిందని చెప్పగానే మా నాయిన అడిగిన మొదటి మాట, "ఎన్ని పొట్టేళ్లయితయి బిడ్డా?" అని.

కరోనా పోయిన రెండో ఏడు, మే నెల. ఎండకు దేవరకొండ గుట్ట వైపు కళ్లెత్తి చూడటానికి కూడా బుద్ధి పుట్టేది కాదు. నేను ఫోన్ పట్టుకుని కొట్టం దగ్గరికి పరుగెత్తేసరికి నాయిన పొట్టేళ్లకు దాణా పెడుతున్నాడు. సంతోషం వస్తే కౌగిలించుకోవడం, కళ్లు తుడుచుకోవడం మా ఇంట్లో లేవు. మా నాయిన గుర్వయ్యకు రూపాయల లెక్క రాదని కాదు, సంతలో ఆయన్ను మించినవాడు లేడు. కానీ లక్ష, రెండు లక్షలు అంటే ఆయనకు అవి గాలి మాటలు. పొట్టేలైతే కళ్ల ముందు నిలబడి ఉంటుంది.

కాబట్టి నేనూ కొట్టం అరుగు మీద కూర్చుని బడ్జెట్‌ను పొట్టేళ్లలోకి మార్చాను. ఆ ఏడు బక్రీదు జూలై పదిన. పండుగకు పొట్టేలు పదమూడు వేలకు తక్కువ పోదని నాయిన లెక్క. దాని ప్రకారం ఫీజు సెమిస్టర్‌కు మూడు పొట్టేళ్లు. హాస్టల్లో తిండికి నెలకు సగం పొట్టేలు.

"సగం పొట్టేలు అంటే ముందటి సగమా, ఎనకటి సగమా?" అన్నాడు నాయిన. ఆయన ముఖంలో నవ్వు లేదు. ఎగతాళి చేసేటప్పుడు ఆయన ముఖం అలాగే ఉంటుంది.

పొట్టేళ్లు పద్నాలుగు ఉన్నాయి. నాయిన వాటి వైపు చూస్తూ ఒక్కొక్కటికీ ఒక్కో ఖర్చు అంటగట్టాడు. నల్లమూతి, పలకకొమ్ము, బొల్లిచెవి మొదటి సెమిస్టర్ ఫీజు. వాటి పక్కన మూడు రెండో సెమిస్టర్ ఫీజు. మూల నిలబడ్డ రెండూ రైలు కిరాయికి, బట్టలకు. మిగిలినవి తిండి. మొదటి ఏడు వీటితో గట్టెక్కుతుంది. రెండో ఏటికి ఇప్పుడు సూడితో ఉన్న గొర్లు ఈనుతాయి, ఆ పిల్లలు పెరిగి వచ్చే బక్రీదుకు అందుతాయి. రెండేళ్ల చదువుకు రెండు పండుగలు. నాకు ఎకనామిక్స్ చెప్పిన సార్లెవరూ ఇంత శుభ్రంగా ప్రణాళిక వేసి చూపించలేదు. ఆ రాత్రి నేను సంతోషంగా నిద్రపోయాను, ఆ ఎండాకాలంలో అలా నిద్రపోవడం అదే చివరిసారి.

మరునాడు కల్వకుర్తి శోభక్కకు ఫోన్ చేశాను. డిగ్రీలో నాకు రెండేళ్లు సీనియర్. నాకు సీటొచ్చిన ముంబై కాలేజీలోనే ఎం.ఏ. రెండో ఏడులో ఉంది.

"హాస్టల్ మీద ఆశ పెట్టుకోకు మల్లికా," అంది. "అందరికీ ఇయ్యరు. నాకు రాలే. బయట ఒక రూముల ఆరుగురం ఉంటున్నం. గాడ మనిషికి రూము ఉండది, మంచం ఉంటది. మంచానికే కిరాయి."

"ఎంతక్కా?"

"తిండితోని కలిపి నెలకు పదమూడు వేలు పెట్టుకో. డిపాజిట్ రెండు నెలల కిరాయి ముందుగల్ల అడుగుతరు. స్కాలర్‌షిప్ వస్తది గని, ఎప్పుడొస్తదో ఎవ్వలకు తెల్వది. నాది పోయిన ఏడుది ఇంకా రాలే."

"ఎట్ల ఎల్లదీస్తున్నవ్ మరి?"

"ఎల్లదీస్తున్న," అంది శోభక్క.

సగం పొట్టేలు కాస్తా నెలకో పొట్టేలైంది. పద్నాలుగు సరిపోవు. నేను సాయంత్రం టిఫిన్ తీసేశాను. బస్సు పాస్ తీసేసి నడక పెట్టాను. సబ్బులు తగ్గించాను. ఆదివారం కూర మానేశాను. అంతా కోసి, ఇంకా చాలనిదానికి స్కాలర్‌షిప్ అని రాసి, తిండి నెలకు ముప్పావు పొట్టేలు దగ్గరికి తెచ్చి చదివి వినిపిస్తే, నాయిన, "అంటే మూడు కాళ్లదా?" అన్నాడు. మా అమ్మ సోమమ్మ మాత్రం నవ్వలేదు. చేట పక్కన పెట్టి అడిగింది.

"దసరకు ఇంటికొచ్చే కిరాయి ఏడ రాసినవే?"

రాయలేదు. రాయాలన్న ఆలోచనే నాకు రాలేదు. నేను తల వంచుకుంటే అమ్మ మళ్లీ చేట అందుకుని, "నేను ఉపాధి పనికి పోత. గా పైసలు నీ రాకడకు," అంది. మే నెల ఎండలో మట్టి పని. వద్దనాల్సింది నేనే, కానీ అనలేదు. బడ్జెట్‌లో ఒక వరుస నిండింది కదా అనుకున్నాను.

అప్పటి నుంచి పొట్టేళ్లకు మర్యాద పెరిగింది. మాకు పొద్దున జొన్న గట్క అయితే వాటికి నానబెట్టిన మక్కజొన్నలు, శనగ పొట్టు. అమ్మ పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కోకముందే వాటి ముందు తొట్టి నింపేది. నాయిన రోజూ వాటి వీపు మీద అరచెయ్యి వేసి, ఎముక ఎంత లోపలికి పోయిందో చూసేవాడు. నేను పక్కన నిలబడితే, "మూడో నెల తిండి మంచిగ బలిసింది సూడు," అనేవాడు.

జూన్ మొదటి వారంలో నేను స్కాలర్‌షిప్‌కు కావాల్సిన ఆదాయం సర్టిఫికెట్ కోసం దేవరకొండ మీసేవకు వెళ్లి, మూడోసారి కూడా ఉత్త చేతులతో తిరిగొచ్చాను. చిరాకుగా ఉన్నాను. బడి దగ్గర పశువుల దవాఖాన సాల్మన్ సార్ బండికి ఐసు డబ్బా కట్టుకుని వెళ్లిపోతున్నాడు. వానలకు ముందు చిటుకు రోగానికి ఏటా వేసే టీకాలు ఆ రోజే వేశారు. లేత గడ్డి మొలిచిన కొత్తలో వస్తుంది ఆ రోగం. తెగ తిని బలిసిన జీవాన్నే ముందు పట్టుకుంటుంది. పట్టుకుంటే పూట కూడా ఆగదు.

ఇంటికొస్తే గొర్లు దొడ్లో ఉన్నాయి, పొట్టేళ్లు లేవు. కాసేపటికి గుట్ట వెనక నుంచి నాయిన వాటిని తోలుకుంటూ వచ్చాడు.

"వీటికి వేయించలేదా నాయినా?"

"గొర్లకన్నిటికి ఏపిచ్చిన."

"వీటికి?"

"సాల్మన్ సారుకు అమ్మిన్నని చెప్పిన," అన్నాడు. నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "సూది ఏస్తే మెడకు గడ్డ లేస్తది బిడ్డా. నెలన్నా ఉంటది. పండుగకు కొనేటోళ్లు ఒళ్లంత తడిమి సూస్తరు. కొమ్ము ఇరిగినా, చెవు తెగినా కుర్బానీకి పనికి రాదంటరు. గడ్డ సూస్తే ఐబు ఉన్నదని పక్కకు పెట్టరా? జరమొచ్చి రెండు దినాలు మేత ముట్టకపోయినా పాయె, తూకం పడిపోతది."

నాకు కోపం వచ్చింది. అంతకు ముందే మీసేవలో తెచ్చుకున్న కోపం కూడా దానికి తోడైంది. అరిచాను. ఏటా వేయించేది ఈ ఏడే ఎందుకు మానాలి అన్నాను. అమ్మ అందుకుంది.

"ఈ ఏడే నువ్వు ముంబై పోతున్నవు గద," అంది. "నలభై ఏండ్ల సంది జీవాల ఎనక తిరుగుతుండు, నాయినకు తెల్వదానే? ఐదు వారాల్ల పండుగ. వానలు గంతల బలంగ పడతయా?"

ఆయన జీవాలతో తిరిగిందే నలభై ఏళ్లు. నాకు ఇరవై ఒకటి.

జూన్ నడుమనే వానలు పడ్డాయి. ఊరంతా సంతోషించింది. పత్తి గింజలు పెట్టారు, కంది పెట్టారు. బీడంతా పచ్చబడింది. మా ఊళ్లో బీడు అంత పచ్చగా నేను ఎప్పుడో చిన్నప్పుడు చూశాను. నెలాఖరులో దేవరకొండ నుంచి మక్సూద్ చాచా వచ్చాడు. మా జీవాలను కొనేది ఆయనే, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ. పద్నాలుగింటినీ తడిమి, పళ్లు చూసి, "మాషా అల్లా, ఈసారి పెండ్లికొడుకుల లెక్క తయారు చేసినవ్ గుర్వయ్యా," అన్నాడు. ధర కుదిరింది. పండుగకు రెండు రోజుల ముందు లారీ తెస్తానని చెప్పి పది వేలు బయానా ఇచ్చాడు. ఆ పది వేలు అదే సాయంత్రం సీటు ఖాయం చేసుకోవడానికి కట్టేశాను. కట్టినట్టు మెసేజ్ వస్తే అమ్మకు చూపించాను. ఆమె ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని, చదవడం రాకపోయినా చాలాసేపు చూసింది.

తర్వాతి సోమవారం పొద్దున పదింటికి నల్లమూతి పోయింది.

నేను అక్కడే ఉన్నాను. కొట్టం ముందు బీట్లో మేస్తున్నది ఒక్కసారి తలెత్తింది. పళ్లు కొరికింది. ఎవరో కొట్టినట్టు పైకి ఎగిరి పక్కకు పడి, మెడ వెనక్కి విరుచుకుని కాళ్లు బిగదీసింది. నాయిన కేక వేస్తే అమ్మ నీళ్ల చెంబుతో వచ్చింది. నీళ్లు దాని నోట్లోకి పోలేదు. అప్పుడే అటువైపు ఇంకొకటి తూలింది.

నేను సాల్మన్ సార్‌కు ఫోన్ మీద ఫోన్ చేశాను. ఆయన వేరే ఊళ్లో ఉన్నాడు, వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికి కొట్టం ముందు ఎనిమిది పడి ఉన్నాయి. ఆయన సూదులు వేస్తూనే ఉన్నాడు, కళ్ల ముందు మరో మూడు పోయాయి. గొర్లు మాత్రం అదే బీట్లో, అదే గడ్డి తింటూ నింపాదిగా తిరుగుతున్నాయి.

"గొర్లల్ల ఒక్కటి కూడా పడలే సూడు గుర్వయ్యా," అన్నాడు సాల్మన్ సార్ ఆశ్చర్యంగా. "టీకా మంచిగనే పనిచేసింది. మరి గివెట్ల? అయినా ఇయ్యి అమ్మినవంటివి గద?"

నాయిన నేల వైపు చూస్తూ చెప్పాడు. దాచానని, గడ్డకు భయపడ్డానని. సాల్మన్ సార్ తిట్టలేదు. తిడితే బాగుండేదని నాకనిపించింది. సూది కడుక్కుని, చచ్చినవాటిని లోతుగా పాతిపెట్టమని, సున్నం చల్లమని, బతికిన మూడింటికీ రెండు రోజులు మక్కలు పెట్టవద్దని చెప్పి వెళ్లిపోయాడు.

ఎవరు కబురు చేశారో, ఇంకా గుంత తవ్వుతుండగానే ఒకడు ఆటో వేసుకుని వచ్చాడు. ఒక్కోదానికి పదిహేను వందలు ఇస్తానన్నాడు. అవి ఎక్కడికి పోతాయో మేమూ అడగలేదు, వాడూ చెప్పలేదు. ఆ క్షణంలో కూడా నా బుర్ర ఆగలేదు. పదకొండు పదిహేను వందలంటే ముంబైలో ఒక నెల తిండి, కిరాయి, పైన కొంత. అమ్మ నా వైపు చూసింది. ఆమె కూడా అదే లెక్క వేస్తున్నదని తెలిసి నాకు ఏడుపొచ్చింది.

నాయిన పార ఆపాడు. "రోగమొచ్చి సచ్చినదాన్ని మందికి తినపెట్టి నా బిడ్డను సదివియ్యాల్నా? నడువ్ ఈడికెల్లి," అన్నాడు. ఆటో పోయింది. అమ్మా నేనూ కాళ్లు పట్టి లాగుతుంటే నాయిన ఒక్కొక్కదాన్నీ గుంతలోకి దించాడు. రెండు నెలలుగా వాటిని ఖర్చుల పేర్లతోనే పిలుచుకున్నాం. ఆ రోజు మాత్రం ఎవరం ఏ పేరూ ఎత్తలేదు.

చెప్పిన రోజుకు మక్సూద్ చాచా లారీతో వచ్చాడు. సంగతి ముందే తెలిసింది కాబట్టి లారీ చిన్నది తెచ్చాడు. నాయిన మిగిలిన మూడింటిని బయటికి తోలి, "బయానా కింద ఒకటి వట్టుకో భాయ్, మిగతయి నీ ఇష్టం," అన్నాడు. చాచా మూడింటికీ ఒప్పుకున్న ధరే కట్టాడు, రూపాయి తగ్గించలేదు. లారీలోకి ఎక్కించేటప్పుడు ఒకదాని మెడ తడిమి, ఎక్కడా సూది గడ్డ తగలక ఆగాడు.

"టీకా ఏపియ్యలేదా వీటికి?"

"గడ్డ లేస్తే నువ్వు ఐబు అంటవని..."

"అరే గుర్వయ్యా!" చాచా తల పట్టుకున్నాడు. "సూది గడ్డ ఐబు ఎట్లయితది? జీవం మంచిగ నడుస్తే చాలు. ఇరవై ఏండ్ల సంది నీ దగ్గర కొంటున్న. ఒక్క మాట నన్ను అడగకపోతివి?"

నాయిన అన్నాడు, "అడుగుతే, గా వంక మీద ధర తగ్గిస్తవనుకున్న."

నేను ఇంట్లోకి వెళ్లి మంచినీళ్లు తెచ్చాను. మక్సూద్ చాచా తాగి, చెంబు నా చేతికిచ్చి, నా తల మీద చెయ్యి పెట్టి లారీ ఎక్కాడు.

ఆ మూడింటి డబ్బు మొదటి సెమిస్టర్ ఫీజుకే సరి. మంచానికి, తిండికి ఏమీ లేదు. మిగిలినవి ఇరవై రెండు గొర్లు. వాటిని అమ్మితే రెండో ఏడు లేదు, అమ్మకపోతే మొదటి ఏడే లేదు. ఇందులో ఆలోచించడానికి ఏముందో నాకు కనబడలేదు. నేను తేల్చి చెప్పేశాను.

"నేను పోను నాయినా. కట్టిన పది వేలు పోతే పోనీ. గొర్లు ఉంటే మీరన్న బతుకుతరు. నేను హైదరాబాద్‌ల ఏదన్న పని చూసుకుంట."

రెండు రోజులు నాయిన ఇంట్లో సరిగా లేడు. మొదట దేవరకొండ పోయి మక్సూద్ చాచాను అడిగాడట. సూడి గొర్లను కోతకు కొనను, ఆ పాపం నాకొద్దు అన్నాడట చాచా. కోతకు కాకుండా కొనాలంటే మళ్లీ గొర్లున్నవాడే కొనాలి. పక్క ఊరి ఐలేశానికి రెండు వందల జీవాలున్నాయి. మూడో రోజు పొద్దున ఐలేశం మా దొడ్లోకి వచ్చి గొర్ల పొట్టలు తడిమి చూస్తుంటే నాకు సంగతి అర్థమైంది.

అవసరం మీద అమ్మేవాడి ధర ఎంత ఉంటుందో అంతే పెట్టాడు. సగం ఇప్పుడు, సగం గొర్లు ఈనిన తర్వాత. మధ్యలో ఏది చచ్చినా ఆ మేరకు కోత. "మంద పెద్దగైంది, కాయనీకె మనిషి కావాలె," అన్నాడు బయటికి పోతూ. నాయిన తలూపాడు. అలా మా గొర్లతోపాటు మా నాయిన కూడా నెల జీతానికి ఐలేశం మందలోకి వెళ్లాడు.

నేను అమ్మ మీద పడ్డాను. "రెండేండ్ల చదువమ్మా! ఇదంతా పోసినా ఒక ఏడు కూడా నిండదు. సగం చదువుకు ఎవరన్నా సర్టిఫికెట్ ఇస్తరా? జనవరిల ఫీజు కట్టమంటే ఏం కడతవ్? అమ్మనీకె ఇంకేమున్నది మన దగ్గర?"

అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. వెనక్కి తిరగలేదు. "నాకు తెల్వదా," అంది. "జనవరిల ఏముండదు. గది మీ నాయినకు కూడా ఎరుకే."

"మరెందుకు?"

"నువ్వు పోకపోతే గా పదకొండు జీవాలు ఊకెనే సచ్చినట్టయితది పిల్లా. మీ నాయిన అన్నం తినడు. నీ కోసం కాకున్నా పో."

పోవడం ఎవరి కోసమో అర్థమయ్యాక బట్టలు సర్దుకున్నాను.

ఆగస్టులో ప్రయాణం. నాయిన తెల్లవారుజామునే వచ్చి నన్ను లేపాడు. అప్పటికే చేతిలో కర్ర ఉంది. "బస్సు కాడికి రాను బిడ్డా. కొత్త పని గద, మొదటి నెలల్నే సెలవడుగుతే బాగుండది," అన్నాడు. డబ్బులు జాగ్రత్త అన్నాడు. తిండి దగ్గర పైసలు మిగిలియ్యకు అన్నాడు. మంద దగ్గరికి వెళ్లిపోయాడు.

అమ్మ దేవరకొండ దాకా వచ్చి హైదరాబాద్ బస్సు ఎక్కించింది. కిటికీ పక్కన సీటు దొరికింది. నా పక్కన చేతిలో మందుల సంచితో ఒక పెద్దామె కూర్చుంది. దేవరకొండ దాటి అర గంట కూడా కాకముందే బస్సు ఆగింది. రోడ్డు నిండా గొర్లు. డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు. గొర్లు బెదిరి అటూ ఇటూ తిరుగుతున్నాయి గానీ దారి ఇవ్వడం లేదు. ఆ గుంపులో మావి నాకు వెంటనే తెలిసిపోయాయి. పొట్టలు దిగి బరువుగా నడుస్తున్నాయి.

"ఏయ్, ఎవలియి గీ గొర్లు? తొవ్వ నీ అయ్య జాగీరా?" అని అరిచాడు డ్రైవర్ తల బయట పెట్టి.

మా నాయిన పరుగెత్తుకుంటూ ముందుకు వచ్చి, కర్ర చంకలో ఇరికించుకుని రెండు చేతులూ జోడించాడు. "ఐలేశంవి సార్, ఐలేశంవి. సూడియి, బెదురుతున్నయి. జర ఆగుండ్రి, తోల్తున్న," అన్నాడు. నోటితో అదిలిస్తూ, ఒక్కొక్కదాన్నీ పక్కకు నెడుతూ రోడ్డు దిగువకు దించాడు. బస్సులోకి చూడలేదు. చూసే తీరిక ఆయనకు లేదు.

బస్సు కదిలింది. నేను వెనక్కి తిరిగి, ఆయన కనబడకుండా పోయేదాకా చూశాను. పెద్దామె నా ముఖం గమనించినట్టుంది.

"తెలిసినాయనా బిడ్డా?"

"మా నాయిన."

"అయ్యో, మరి పిలువకపోతివి? ఒక్క మాట మాట్లాడుదువు."

"డ్యూటీల ఉన్నడు," అన్నాను.